నాలుగు రంగాలు కలిసే అంశం మీద రీసెర్చ్ ఎలా మొదలుపెట్టాలి

సైన్స్, పర్యావరణం, రాజకీయ చరిత్ర, ప్రజల భద్రత అన్నీ కలిసే అంశమైతే ముందు ఒక టైమ్‌లైన్ గీసుకోండి. ఎండలోని హానికరమైన అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునే ఓజోన్ పొరనే చూడండి. సీఎఫ్‌సీలు (అప్పట్లో ఫ్రిజ్‌లు, స్ప్రేల్లో వాడిన రసాయనాలు) దాన్ని దెబ్బతీస్తాయని శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ 1974లో చెప్పారు, అంటార్కిటికా మీద ఓజోన్ బాగా తగ్గిపోతోందని 1985లో పేపర్ వచ్చింది, ఈ రసాయనాల్ని తగ్గించడానికి 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మీ అసలు ప్రశ్న ఈ తేదీల మధ్యే ఉంటుంది: హెచ్చరిక నుంచి ఒప్పందం దాకా 13 ఏళ్లు ఎందుకు పట్టింది, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరు ఒప్పించారు? దీనికి సైన్స్ పేపర్లు చాలవు, చట్టసభల చర్చలు, కంపెనీల ప్రకటనలు, అప్పటి పత్రికలు ఓపిగ్గా చదవాలి (నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే). ఓజోన్ తగ్గితే పెరిగే చర్మ క్యాన్సర్ ముప్పుకి మాత్రం వైద్య పరిశోధనలే చూడండి. నోట్స్ రాసేటప్పుడే తేదీ, పేజీ నంబర్ వేసేయండి, తర్వాత వెతకడం చాలా కష్టం.