క్యోటోలో ఒక్క ఉదయం: విశాఖ యాత్రికులు టూరును ఎంచుకోవలసిన తీరు

క్యోటోకు ఒక్క పూట మాత్రమే కేటాయించగలిగిన వారికి గైడుతో సాగే ఉదయపు టూరే మేలు. ఇటువంటి టూర్లలో సాధారణంగా నిజో కోట, ఇంపీరియల్ ప్యాలెస్, కింకకుజి ఆలయం ఉంటాయి. టికెట్టు తీసుకునే ముందు ధర కంటే ముఖ్యంగా చూడవలసినది ఈ మూడింటి వరుస. నిజో కోటను మొదట చూపించే టూరునే ఎంచుకోవాలి.

జపాన్ సమయం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. నిజో కోట తలుపులు తెరిచే 8.45 గంటలకు విశాఖలో తెల్లవారుజాము 5.15 అవుతుంది. ఆ వేళకే ఆర్కే బీచ్‌లో నడిచే అలవాటున్న పెద్దలకు ఇబ్బంది ఉండదు గాని, మిగిలినవారు చేరిన మరునాడే టూరు పెట్టుకోకుండా ఒక రోజు ఆగడం మంచిది. ఇంపీరియల్ ప్యాలెస్‌కు సోమవారం సెలవు. కోటలోని నినోమారు ప్యాలెస్‌ను కూడా కొన్ని నెలల్లో మంగళవారాలు మూసివేస్తారు. కనుక క్యాలెండర్ చూసుకున్న తరువాతే తేదీని ఖాయం చేసుకోవాలి.

షోగన్ (చక్రవర్తి పేరిట దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు) తొకుగావా ఇయెయాసు 1603లో కట్టించిన నిజో కోటకు కనీసం గంటన్నర ఇవ్వాలి. నినోమారు ప్యాలెస్ నడవాల్లో అడుగు వేసినప్పుడల్లా చెక్కల కింది ఇనుప పట్టీలు మేకులకు రాసుకొని పిట్ట కూసినట్లు చప్పుడవుతుంది. జనం పెరిగాక ఆ కూత వారి మాటల్లో కలిసిపోతుంది. మొదటి గదుల గోడలపై పులుల పక్కన చిరుతలు కూడా కనిపిస్తాయి. జపాన్‌లో పులులు లేవు కనుక కానో శైలి చిత్రకారులు తోళ్లను చూసి వాటిని గీశారు, చిరుతను ఆడపులి అనుకున్నారు. అతిథులను బెదిరించే ఈ బొమ్మల నుంచి షోగన్ సొంత గదుల్లోని ప్రశాంతమైన ప్రకృతి దృశ్యాల వరకు చిత్రాలు ఎలా మారుతున్నాయో గమనిస్తూ నడవాలి. 1867లో చివరి షోగన్ యోషినోబు అధికారాన్ని చక్రవర్తికి తిరిగి అప్పగిస్తున్నట్లు ప్రకటించినది ఇక్కడి పెద్ద సభామందిరంలోనే; గైడు చేత ఆ కథ చెప్పించుకోవాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు, చెప్పులు విప్పాలి. మన చలికాలానికి అలవాటైన పాదాలు జనవరిలో ఆ చెక్క నేలను ఓర్చుకోలేవు కనుక మందపాటి మేజోళ్లు తప్పనిసరి.

ఇంపీరియల్ ప్యాలెస్‌కు ప్రవేశ రుసుము లేదు. ఇప్పుడున్న ప్రధాన భవనాలు 1855లో తిరిగి కట్టినవి. వాటిని బయటి నుంచే చూడాలి. ఆవరణ నిండా కంకర పరచి ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను వెంట తీసుకువెళ్లేవారు ఆ సంగతి ముందే గైడుకు చెప్పాలి. సమయం చాలకపోతే మూడింటిలో వదులుకోదగినది ఇదే.

కింకకుజికి అరగంట సరిపోతుంది. పై రెండంతస్తులకు బంగారు రేకులు తొడిగిన మూడంతస్తుల మండపాన్ని కొలను ఇవతలి నుంచి చూడడమే గాని లోపలికి వెళ్లనివ్వరు. 1950లో ఒక యువ భిక్షువు నిప్పు పెట్టగా పాతది కాలిపోయింది. ఇప్పుడు కనిపించేది 1955లో పునర్నిర్మించినది. దారి ఒకే వైపు సాగుతుంది, వెనక్కి తిరిగి రావడం కుదరదు కనుక ఫొటోలను కొలను దగ్గరే ముగించుకోవాలి. ఆ తరువాత కొన్ని రాతి మెట్లు ఎక్కవలసి ఉంటుంది.

టూరు మధ్యాహ్నానికి ముగుస్తుంది. కూరగాయలతో చేసిన పులుసుల్లో కూడా తరచుగా చేప రసం కలుస్తుంది కనుక, శాకాహారులు బౌద్ధ ఆలయాల సంప్రదాయ భోజనమైన షోజిన్ ర్యోరి వడ్డించే చోటును ముందుగానే బుక్ చేసుకోవాలి.