పాత ట్రాక్టరుకు వేసిన రంగు ఎందుకు చెడుతుంది?

1960ల నాటి బి-275కో, పాత మాస్సీ ఫెర్గుసన్‌కో మళ్లీ ఎరుపు రంగు వేసేటప్పుడు అందరూ అడిగేది ఏ కంపెనీ డబ్బా కొనాలనే. నేను మాత్రం రంగు కింద ఏముందో ముందు చూడమంటాను.

చేపకన్నుల్లాంటి గుంటలు: రంగు పడగానే గుండ్రంగా విడిపోతుంది. గేర్‌బాక్సు, హైడ్రాలిక్ లిఫ్టు దగ్గర ఇది ఎక్కువ. కారణం నూనె. ఇంజన్‌ను డీజిల్‌తో కడిగితే మట్టి పోతుంది కానీ జిడ్డు పొర మిగులుతుంది. దాని మీదే గరుకు కాగితంతో రుద్దితే జిడ్డు పోత ఇనుములోకి ఇంకా దిగుతుంది. అందుకే ముందు కారుతున్న ఆయిల్ సీళ్లు మార్చండి. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. జిడ్డు తీసే ద్రావకాన్ని ఒక గుడ్డతో రాసి, అది ఆరకముందే మరో శుభ్రమైన గుడ్డతో తుడవండి. రుద్దడం ఆ తర్వాతే. గుంటలు పడ్డాక పైన ఇంకో పూత వేసినా అవి మూసుకోవు. ఆరాక రుద్ది, మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ముడతలు: పాత ఎనామెల్ మీద ఘాటైన థిన్నర్ పడితే కింది పొర ఉబ్బి ముడుచుకుంటుంది. మడ్‌గార్డు లోపలివైపు ఆ థిన్నర్‌లో తడిపిన గుడ్డను రెండు నిమిషాలు అదిమి ఉంచండి. రంగు మెత్తబడితే పాతదంతా ఇనుము తేలేదాకా తీసేయండి.

పొక్కులు, తుప్పు: లప్పాన్ని నీళ్లతో రుద్దితే అది తేమ పీల్చుకుంటుంది. దాన్ని పొడిగానే రుద్దాలి. శుభ్రం చేసిన ఇనుముకు అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (తుప్పును ఆపే తొలి పూత) వేయండి.

తెల్లటి మసక: గాలిలో తేమ. వాన తెరిపిచ్చి, పొడి రోజు వచ్చేదాకా ఆగండి.

దగ్గు, ఛాతీ బిగుతు: ఇది కనిపిస్తే స్ప్రే గన్ను కింద పెట్టి బయటికి రండి, వైద్యుణ్ణి కలవండి. హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపే చాలా రంగుల్లో ఐసోసయనేట్లనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి. ఆయాసం ఒక్కోసారి రాత్రికి గానీ బయటపడదు. ఒకసారి అవి ఒంటికి సరిపడకుండా పోతే, ఆపై కొంచెం సోకినా ఉబ్బసం రావచ్చు. ముఖానికి కట్టుకున్న రుమాలు దీన్ని ఆపలేదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. అది లేనివారు హార్డెనర్ లేని సింథటిక్ ఎనామెల్‌నే ఎంచుకోండి. మెరుపు కాస్త తగ్గినా ఫరవాలేదు. దానికీ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు, గాలి ఆడే చోటు తప్పవు.

ఇళ్ల రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) పరిమితి మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. పాత ట్రాక్టరు రంగులో సీసం ఉందనే అనుకోండి. దాన్ని తడిపి రుద్దండి, పెచ్చులను ప్లాస్టిక్ పట్టా మీద పోగుచేయండి, పిల్లలను ఆ షెడ్డు దరిదాపులకు రానివ్వకండి.