చలిలో టమాటా కుండీకి గడ్డి కప్పేటప్పుడు

డిసెంబరు, జనవరిలో హైదరాబాద్ మిద్దె మీద టమాటా పూత నిలవట్లేదంటే వెంటనే ఎరువు సంచీ విప్పకండి. రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల కిందికి దిగితే పుప్పొడి సరిగా పనిచేయదు. పువ్వు కాడ కణుపు దగ్గర పసుపు తిరిగి రాలిపోతుంది.

రాత్రి కుండీ మట్టి మరీ చల్లబడకుండా పైన ఎండు వరిగడ్డి 2 అంగుళాల మందం కప్పితే చాలు. కాండం చుట్టూ 2 అంగుళాలు ఖాళీ వదలండి, ఆనిస్తే మొదలు కుళ్లుతుంది. బాగా చలిగా ఉన్న రోజుల్లో తొమ్మిదింటికి గడ్డి పక్కకు లాగి మట్టికి ఎండ తగలనివ్వండి, నాలుగింటికి మళ్లీ కప్పండి. విసుగు పనే, పది కుండీలు దాటితే నల్ల పాలిథిన్ షీటే నయం. నీళ్లు పొద్దున పూటే, అదీ వేలు అంగుళం లోతు దించితే పొడిగా తగిలినప్పుడే. పుప్పొడి రాలేలా పొద్దున పదిన్నర ప్రాంతంలో పూగుత్తి కాడను వేలితో రెండుసార్లు తట్టండి. పచ్చిగడ్డి మాత్రం వేయొద్దు, ముద్దకట్టి బూజు పడుతుంది.