కంపారిటివ్ పాలిటిక్స్ (దేశాల రాజకీయ వ్యవస్థల్ని పోల్చి చూసే సబ్జెక్ట్) ఎలా చదవాలంటే
దేశానికో నోట్స్ రాసుకుంటూ పోతే ఈ సబ్జెక్ట్ అస్సలు ఎక్కదండి, ముందు ఒక ప్రశ్న పట్టుకోండి, ప్రభుత్వాన్ని మధ్యలో ఎవరు దించగలరు లాంటిది, దాంతో రెండు మూడు దేశాలు చూడండి. బ్రిటన్‌లో కామన్స్‌లో (పార్లమెంటు దిగువ సభ) అవిశ్వాసం నెగ్గితే రాజీనామానో ఎన్నికలో తప్పవు, జర్మనీలో మాత్రం 1949 రాజ్యాంగం ప్రకారం పార్లమెంటు కొత్త ఛాన్సలర్‌ని (అక్కడి ప్రభుత్వాధినేత) ఎన్నుకుంటేనే పాతాయన దిగుతాడు, అమెరికాలో ప్రెసిడెంట్‌కి అసలు అవిశ్వాసమే లేదు, ఇంపీచ్‌మెంట్‌తో (అభిశంసన) దించాలంటే సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి (అది దొరకడం ఎంత కష్టమో తెలిసిందే). ఇలా చదివితే పార్లమెంటరీ, ప్రెసిడెన్షియల్ తేడా బట్టీ కొట్టక్కర్లేదు.

ఎన్నికల పద్ధతులకైతే న్యూజిలాండ్ బెస్ట్, దేశం అదే, 1996 ఎన్నికల నుంచి, నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలిచే పద్ధతి పోయి పార్టీ ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లిచ్చే పద్ధతి వచ్చింది, ముందూ తర్వాతా చిన్న పార్టీల సీట్లు చూడండి. ఎగ్జామ్‌లో రెండు దేశాల కథలు విడివిడిగా రాసేసి పోల్చాం అనుకోకండి, ప్రతి పేరాలో రెండూ కనపడాలి, తేడా ఎందుకొచ్చిందో కూడా.