అసిమెట్రికల్ సర్వైవల్ ఆటల్లో హంటర్ పాత్రను సమర్థంగా ఆడడం ఎలా?

డెడ్ బై డేలైట్, ఐడెంటిటీ వి వంటి ఆటల్లో ఒక ఆటగాడు హంటర్‌గా ఉండి నలుగురు సర్వైవర్లను వేటాడతాడు. 2016లో వచ్చిన డెడ్ బై డేలైట్‌లో మ్యాప్ మీద 7 జనరేటర్లు ఉంటాయి. వాటిలో 5 సర్వైవర్లు బాగుచేస్తే బయటికి వెళ్లే గేట్లకు కరెంటు వస్తుంది. 2018 నాటి ఐడెంటిటీ విలో జనరేటర్ల స్థానంలో సైఫర్ మెషీన్లు ఉంటాయి, లెక్క మాత్రం అదే. ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా మొదటి ఆటవే అయినా, పద్ధతి ఈ కోవకు చెందిన ఇతర ఆటలకూ పనికివస్తుంది.

ముందు సమయం లెక్క తెలుసుకోండి

కొత్తగా ఈ పాత్ర తీసుకున్నవారు తమ పని సర్వైవర్లను పట్టుకోవడమే అనుకుంటారు. నిజానికి హంటర్ పోరాడేది గడియారంతో. ఒక జనరేటర్‌ను ఒక్కరే బాగుచేయడానికి 90 సెకన్లు పడుతుంది, అంటే ఐదింటికి కలిపి 450 సెకన్ల పని. మీరు ఒకరి వెంట పడితే మిగిలిన ముగ్గురూ ఆ పనిని పంచుకుంటారు కనుక, నడిచే సమయాన్ని పక్కన పెడితే, రెండున్నర నిమిషాల్లో అంతా పూర్తవుతుంది. అదే ఒకరు హుక్‌కు (పట్టుబడినవారిని హంటర్ తగిలించే కొక్కేనికి) వేలాడుతూ, ఇంకొకరు అతన్ని విడిపించడానికి పరుగెత్తుతూ, మూడో వ్యక్తి మీ నుంచి తప్పించుకుంటూ ఉంటే జనరేటర్ దగ్గర మిగిలేది ఒక్కరే. ఆటలో వీలైనంత ఎక్కువసేపు ఈ పరిస్థితి నిలిచేలా చూడడమే మంచి హంటర్ చేసే పని. కింద చెప్పిన మెళకువలన్నీ దీనికోసమే.

ఆటకు ముందు

ఒకే హంటర్ క్యారెక్టర్‌ను ఎంచుకుని కనీసం కొన్ని వారాలు దానితోనే ఆడండి. రోజుకో క్యారెక్టర్ మారుస్తూ ఉంటే మ్యాప్ గురించి ఆలోచించాల్సిన బుద్ధి అంతా బటన్ల మీదే ఖర్చవుతుంది. హెడ్‌ఫోన్లు తప్పనిసరి. గాయపడినవారి మూలుగు, గడ్డిలో అడుగుల చప్పుడు, జనరేటర్ మోత ఏ పక్కనుంచి వస్తున్నాయో స్పీకర్లలో తెలియదు. కొన్ని ఆటలు సర్వైవర్‌గా కూడా ఆడిచూడండి. మీరు ఏ మూలన దాక్కున్నారో, ఏ క్షణంలో భయపడ్డారో గుర్తుంటే అవతలివారి ఆలోచన సులువుగా అందుతుంది.

మొదటి నిమిషం

సర్వైవర్లు సాధారణంగా మీకు దూరంగా మొదలవుతారు కాబట్టి, పక్కనే ఉన్న జనరేటర్లను తనిఖీ చేస్తూ ఆగకుండా దూరంగా ఉన్నవాటి వైపు నేరుగా నడవండి. దారిలో జనరేటర్ పైనున్న పిస్టన్లను గమనించండి. అవి కదులుతున్నాయంటే ఎవరో అక్కడ పని మొదలుపెట్టారు. ఎంత ఎక్కువగా కదిలితే పని అంత ముందుకు సాగినట్లు. కాకులు ఉన్నట్టుండి లేచినా, పరుగెత్తినవారి వెనుక ఎర్రటి గీతలు కనిపించినా ఆ చుట్టుపక్కలే వెతకండి. ఇదే సమయంలో ఏ మూడు జనరేటర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయో మనసులో గుర్తుపెట్టుకోండి. ఆట చివర్లో మీరు కాపాడవలసినవి అవే. అందరికంటే దూరంగా, ఒంటరిగా ఉన్న జనరేటర్‌ను వదులుకోవడంలో తప్పు లేదు.

వెంబడించే పద్ధతి

ఎక్కువమంది హంటర్లు సెకనుకు 4.6 మీటర్లు, సర్వైవర్లు 4 మీటర్లు పరుగెత్తుతారు. అంటే 12 మీటర్ల ఎడం తగ్గించడానికి నేరుగా పరుగెత్తినా 20 సెకన్లు కావాలి, మధ్యలో కిటికీలు, ప్యాలెట్లు (సర్వైవర్లు దారికి అడ్డంగా పడేసే చెక్క పలకలు) వస్తే ఇంకా ఎక్కువ. కనుక ఎర్రటి గీతల మీదే అడుగులు వేయకుండా, ఆ వ్యక్తి ఏ అడ్డంకి వైపు వెళ్తున్నాడో ఊహించి అడ్డదారిన ఎదురు వెళ్లండి.

ప్యాలెట్ దగ్గర జరిగేది కొంచెం వివరంగా చూద్దాం. సర్వైవర్ ప్యాలెట్ పక్కన నిలబడి మీరు దగ్గరికి వచ్చేదాకా కాచుకుంటాడు. మీరు ఆత్రంగా దూకితే ప్యాలెట్ మీ మీద పడి కొద్దిసేపు కదలలేరు. దాని బదులు కొట్టబోతున్నట్లు ఒక అడుగు ముందుకు వేసి, వెంటనే సగం అడుగు వెనక్కి తీసుకోండి. భయపడి అతను ప్యాలెట్‌ను ఖాళీ నేల మీద పడేస్తే దాన్ని విరగ్గొట్టడానికి మీకు రెండు సెకన్లకు పైగా పడుతుంది, కానీ ఆ ప్యాలెట్ ఇక ఎవరికీ పనికిరాదు. పడేయకుండా పరుగు మొదలుపెడితే అప్పుడు దాడి బటన్‌ను నొక్కిపట్టి ముందుకు దూకండి. బటన్‌ను నొక్కి వెంటనే వదిలితే దెబ్బ పొట్టిగా ఉంటుంది, ఎదురుగా చేతికందేంత దగ్గర ఉన్నవారికి అదే చాలు.

ఎత్తైన గోడల చుట్టూ తిరిగేటప్పుడు మీ ముందు నేల మీద పడే ఎర్రటి వెలుగును చూసి సర్వైవర్ మీ దిశను కనిపెడతాడు. మూల దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి, వీపు ముందుగా మూల దాటండి. వెలుగు మీరు వచ్చిన వైపే పడుతుంది కనుక మీరు అటువైపు నుంచి వెళ్లిపోతున్నారనుకుని అతను నేరుగా మీ మీదికే రావచ్చు. ఇది ఒక్కరోజులో చేతికి రాదు, అయినా అభ్యాసం చేయదగిన విద్య.

అన్నిటికంటే కష్టమైనది వదిలేయడం. ఒకే వ్యక్తి వెనుక ముప్పై, నలభై సెకన్లు గడిచినా దెబ్బ తగలకపోతే, పైగా అతని ముందు ఇంకా వాడని ప్యాలెట్లు ఉంటే, వెనుదిరిగి దగ్గరలోని జనరేటర్ దగ్గరికి వెళ్లండి. బాగా ఆడే సర్వైవర్ మిమ్మల్ని తన చుట్టూ తిప్పుకోవాలనే చూస్తాడు. ఆ అవకాశం ఇవ్వకపోవడమూ ఒక గెలుపే.

పడగొట్టిన తర్వాత

పడినవారిని వెంటనే ఎత్తుకోకండి. చుట్టూ ఒకసారి చూడండి, ఎందుకంటే టార్చిలైటు పట్టుకున్న స్నేహితుడు మీరు వంగే క్షణం కోసమే పొంచి ఉండవచ్చు. అనుమానం ఉంటే గోడకు ముఖం పెట్టేలా నిలబడి ఎత్తుకోండి, కళ్లలో వెలుగు పడే దారి ఉండదు.

హుక్‌కు తగిలించాక అక్కడే కాపలా కాయడం చాలామంది చేసే పొరపాటు. మీరు నిలబడినంతసేపూ మిగతా ముగ్గురు నిశ్చింతగా పనిచేసుకుంటారు. హుక్ నుంచి అతి దగ్గరగా పని జరుగుతున్న జనరేటర్ వైపు నడవండి, రక్షించడానికి వచ్చేవారు చాలాసార్లు ఆ దారిలోనే ఎదురవుతారు. ఒక సర్వైవర్ మూడోసారి హుక్‌కు చేరితే ఆట నుంచి తొలగిపోతాడు, కాబట్టి ఎవరు ఎన్నిసార్లు చేరారో లెక్క ఉంచుకోండి. ముగ్గురే మిగిలినప్పుడు జనరేటర్ల పని ఎంత నెమ్మదిస్తుందో మీకే తెలుస్తుంది.

గేట్లకు కరెంటు వచ్చాక

గేటు తెరవడానికి 20 సెకన్లు పడుతుంది, స్విచ్ పైన దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. రెండు గేట్లూ ఒకదానికొకటి కనిపించేంత దగ్గర ఉంటే మధ్యలో తిరుగుతూ ఆ దీపాలు చూడండి. దూరంగా ఉంటే ఒకదాన్ని వదిలేయండి. హుక్ మీద ఎవరైనా ఉన్నప్పుడు మాత్రం ఆ హుక్ దగ్గరే ఉండడం ఈ దశలో సబబే, ఎందుకంటే ఇక కాపాడవలసిన జనరేటర్లు లేవు. గేటు తెరుచుకున్నాక సర్వైవర్లు బయటపడడానికి 2 నిమిషాల గడువు మొదలవుతుంది. ఒక్క సర్వైవరే మిగిలితే తప్పించుకునే హ్యాచ్ (నేలలోని చిన్న తలుపు) తెరుచుకుంటుంది. మీరు ముందుగా చేరితే దాన్ని మూసేయండి. అప్పుడు కూడా అదే గడువు మొదలవుతుంది కనుక, హ్యాచ్ దగ్గర ఆగకుండా దగ్గరి గేటు మీదుగా రెండో గేటు వైపు నడుస్తూ ఏ స్విచ్ మీద దీపం వెలిగిందో చూడండి.