గినీ పిగ్ అరికాళ్ళు కందిపోతే ఏం చేయాలి?

కుందేలు అరికాలికి ఉండే వెంట్రుకల మెత్త గినీ పిగ్‌కు ఉండదు. ముందు కాళ్ళకు నాలుగేసి, వెనుక కాళ్ళకు మూడేసి వేళ్ళున్న ఆ చిన్న పాదాల పల్చటి చర్మమే దాని బరువంతా మోస్తుంది. నల్లగొండలో మా ఇంట్లో రెండు గినీ పిగ్‌లు ఉన్నాయి. కోళ్ళ ఫారాల్లో పోస్తారు కదా అన్న ధీమాతో మొదట్లో వాటి గూటిలో రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక పోశాను. నెల తిరిగేసరికి ఒకదాని వెనుక మడమ మీద ఆవగింజంత ఎర్ర చుక్క కనిపించింది. మందు రాస్తే తగ్గింది, ఆపితే మళ్ళీ వచ్చింది. ఊక తీసేసిన తరువాతే పూర్తిగా మానింది. అందుకే ఇక్కడ మందు కన్నా ముందు నేల సంగతి చెబుతున్నాను.

అంతకన్నా ముందు పాదాలను సరిగ్గా చూడాలి. పగటి వెలుతురులో ఒడిలో తువ్వాలు పరిచి, గినీ పిగ్ వీపు మీ పొట్టకు ఆనేలా కూర్చోబెట్టి, ఒక చేత్తో ఛాతీని, మరో చేత్తో వెనుక భాగాన్ని పట్టుకుంటే నాలుగు పాదాలూ కనిపిస్తాయి. చర్మం మెత్తగా, లేత గులాబీ రంగులో ఉంటే మంచిదే. పుట్టుకతో నల్లటి పాదాలున్నవీ ఉంటాయి కనుక రంగు కన్నా మార్పును గమనించాలి. ఒకచోట ఎర్రబడి నున్నగా మెరుస్తున్నా, పొట్టు రాలుతున్నా, సమస్య మొదలైనట్టే. ఈ దశలో ఇంట్లోనే చాలావరకు సరిచేయవచ్చు. పక్కు కట్టినా, ఉబ్బినా, రక్తం లేదా చీము కనిపించినా, కుంటుతున్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా పశువైద్యునికి చూపించాలి. ముందు పాదాల అంచున గట్టిగా, కొమ్ములాగా పెరిగే చర్మపు ముక్కను చూసి మాత్రం కంగారు పడనక్కర లేదు. అది చాలా గినీ పిగ్‌లకు వయసుతో వచ్చేదే.

ఇక నేల. తీగల జాలీ అడుగున్న పంజరం ఉంటే ఈ రోజే దాని మీద గట్టి అట్టో, ప్లాస్టిక్ పలకో వేసి, పైన మెత్తటి గుడ్డ పరచండి. మన జిల్లాల్లో ఊకకూ వరిగడ్డికీ కొదువ లేదు కానీ, ఊక అంచులు గరుకుగా ఉండి చర్మాన్ని గీస్తాయి, ఎండిన వరిగడ్డి మొనలు గుచ్చుకుంటాయి. గోనె సంచి కూడా పనికిరాదు. దాని నార వేళ్ళకు చుట్టుకుంటుంది. అడుగున నీరు పీల్చే పాత తువ్వాళ్ళు రెండు మడతలు, పైన ఫ్లీస్ (దుప్పట్లకు వాడే మెత్తటి సింథటిక్) గుడ్డ వేస్తే మూత్రం కిందికి దిగి పైభాగం పొడిగా ఉంటుంది. మూత్రం పోసే మూలను రోజూ శుభ్రం చేసి, గుడ్డలను రెండు మూడు రోజులకొకసారి ఉతికి ఎండలో ఆరవేయాలి. ఎండాకాలంలో మరొక చిక్కు ఉంది. ఇక్కడి ఎండకు గినీ పిగ్‌లు తట్టుకోలేవు కనుక కూలర్ పెట్టక తప్పదు, కానీ ఆ తేమకు గుడ్డలు ఆరవు. అప్పట్లో నేను రోజూ ఉదయం అరచేయి ఆనించి చూస్తాను. చేతికి చెమ్మ తగిలితే అప్పుడే మారుస్తాను.

చర్మం ఎర్రబడిన దశలో రోజుకు రెండుసార్లు ఉప్పునీటితో కడగవచ్చు. కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో ఒక టీ చెంచాకు కాస్త తక్కువగా ఉప్పు కలిపి, గోరువెచ్చగా ఉండగా వెడల్పాటి గిన్నెలో పాదాలు మాత్రం మునిగేలా ఐదు నిమిషాలు నిలబెట్టాలి. తరువాత వేళ్ళ సందుల్లో కూడా తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. పక్కు ఉంటే గిల్లవద్దు. డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి వాడవద్దు. పసుపు రాస్తే ఎరుపు తగ్గిందో పెరిగిందో కనిపించదు. పైగా గినీ పిగ్ కాళ్ళను నాకుతూనే ఉంటుంది.

గోళ్ళు పెరిగి వంకర తిరిగితే బరువు మడమ మీదికి జరుగుతుంది కనుక మూడు నాలుగు వారాలకొకసారి, లోపలి రక్తనాళం తెగకుండా కొస మాత్రమే కత్తిరించాలి. పొరపాటున రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది కాసేపు నొక్కి పట్టుకోండి.

తిండి విషయంలో అసలు సంగతి విటమిన్ సి. మనిషిలాగే గినీ పిగ్ కూడా దాన్ని శరీరంలో తయారు చేసుకోలేదు. అది తక్కువైతే చర్మం బలహీనపడి పుండు మానదు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బు చేసినప్పుడు ఇంకా ఎక్కువ. పది గ్రాముల జామ ముక్కలో సుమారు 20 మిల్లీగ్రాములు ఉంటుంది. తీపి తక్కువ కావాలంటే క్యాప్సికం మేలు. చిన్న ఊళ్ళ పెట్ షాపుల్లో గినీ పిగ్‌కు కుందేలు పెల్లెట్లే (గుళికల మేత) ఇస్తుంటారు, వాటిలో విటమిన్ సి కలపరు. నీళ్ళలో కలిపే చుక్కలూ త్వరగా సత్తువ కోల్పోతాయి. రోజంతా మేయడానికి మందు కొట్టని గరిక కడిగి వేయండి. పెల్లెట్లు, పండ్లు ఎక్కువై లావెక్కినా అరికాలికి భారమే కనుక వారానికొకసారి వంటింటి త్రాసు మీద తూచండి.

చివరిగా, మందుల షాపులో అడిగి తెచ్చే యాంటీబయాటిక్‌లు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు మింగిస్తే గినీ పిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణమే పోవచ్చు. మన నొప్పి మాత్రలూ, స్టెరాయిడ్ కలిసిన చర్మపు క్రీములూ కూడా వద్దు. పుండులో సాధారణంగా చేరేది స్టాఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా. అది ఎముక దాకా పోతే ఎక్స్‌రే తీయవలసి వస్తుంది, చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఇక్కడి పశువుల దవాఖానాల్లో ఎక్కువగా గొర్రెలు, బర్రెలనే చూస్తారు కనుక చిన్న జంతువులను చూసే వైద్యుని కోసం హైదరాబాద్ దాకా వెళ్ళవలసి రావచ్చు. ఎండ ముదరక ముందే బయలుదేరి, పెట్టెలో గరిక, దోసకాయ ముక్కలు వేసుకోండి. తిండి మానేస్తే మాత్రం మరునాటి దాకా ఆగవద్దు.

ఇంటి దగ్గర చికిత్స సాగుతుండగా మూడు రోజులకొకసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో పాదాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుంటే, రోజూ చూసే కంటికి తెలియని తేడా అందులో తెలుస్తుంది. వారం గడిచినా ఎరుపు తగ్గకపోతే ఆ ఫోటోలనే వైద్యునికి చూపించవచ్చు.