తెలుగు చదవడం రాని పిల్లలతో కుటుంబ ప్రార్థన

బెంగళూరు మారతహళ్ళిలో మాకు సాయంత్రాలంటూ ఉండవు. మా ఆయన క్యాబ్ దిగేసరికి తొమ్మిది. అందుకే ప్రార్థన పొద్దున 6:40కి, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టాక. ఇడ్లీలు ఉడికే పది నిమిషాలే మా టైమ్. స్టవ్ ఆపితే ఆమెన్.

బైబిల్లోని చిన్న కీర్తనతో మొదలుపెట్టండి. 117వ కీర్తనలో రెండే వచనాలు. నేనైతే ఉత్సాహం కొద్దీ మొదటిరోజే 119 తీశాను, 176 వచనాలు! పాప సోఫాలోనే నిద్రపోయింది.

స్కూల్లో కన్నడ నేర్చుకునే పిల్లలకు తెలుగు అక్షరాలు సగం తెలిసినట్టే ఉంటాయి. వచనం కింద వేలు పెట్టి మీరు చదవండి, తర్వాత వాళ్ళను చదవనివ్వండి. తప్పు చదివినా మధ్యలో ఆపకండి. గ్రాంథికం మాటలకు మాత్రం ఇంటి సంగతులతోనే అర్థం చెప్పాలి. 23వ కీర్తనలో ‘నాకు లేమి కలుగదు’ దగ్గర మావాడు, “లేమి అంటే ఏంటమ్మా?” అన్నాడు. ఫ్రిజ్‌లో పాలు లేకపోవడం లాంటిది అన్నాను.

“మరి నిన్న పెరుగు అయిపోయిందిగా?”

పక్కింటి ఆంటీ తోడుకిచ్చిన పెరుగు గుర్తుచేశాను.

చివర్లో ఒక్కొక్కరు ఒక్క మనిషి కోసం ప్రార్థించాలి. మా పాప రోజూ బస్ డ్రైవర్ అంకుల్ కోసమే చేస్తుంది. చేయనివ్వండి.